చవకగా ఉండటానికి కారణమేమిటి: తొలి ఇంటికి ప్రాంతాన్ని ఎంచుకునే విధానం

మొదటిసారి ఇల్లు కొనబోయేవారిలో చాలామంది ఇంటిని వెతకడంతోనే పని మొదలుపెడతారు. గదులెన్ని, వెలుతురు ఎటునుంచి వస్తుంది, వంటగది ఎంత విశాలంగా ఉంది అని చూసి, మనసుకు నచ్చిన ఇల్లు దొరికిన తరువాతే అది ఉన్న ప్రాంతం గురించి ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగవేయమని నా సలహా. ఇంట్లో గోడ తీసివేసి గదిని పెద్దది చేసుకోవచ్చు, గచ్చు మార్చుకోవచ్చు, రంగులు వేయించుకోవచ్చు. కాని వీధి వెడల్పును, నీటి సరఫరాను, పనిచేసే చోటికి ఉన్న దూరాన్ని, వాన కురిసినప్పుడు నీరు పారే దిక్కును కొన్నవారెవరూ మార్చలేరు. చేతిలోని డబ్బు పరిమితమైనప్పుడు ఈ ఎంపికకు మరింత బరువుంటుంది, ఎందుకంటే పొరపాటు జరిగితే సరిదిద్దుకోవడానికి కావలసిన సొమ్ము అప్పటికే ఇంట్లో ఇరుక్కుపోయి ఉంటుంది.

చవకగా ఉన్న ప్రతి ప్రాంతమూ ఏదో ఒక కారణంచేత చవకగా ఉంటుంది. ఆ కారణం కొన్నిసార్లు అందరికీ కనిపిస్తుంది, కొన్నిసార్లు అక్కడ ఏడాదిపాటు కాపురముంటే తప్ప తెలియదు. దానిని కొనకముందే కనిపెట్టడం, దానితో రెండు దశాబ్దాలు నెట్టుకురాగలమా అని నిజాయితీగా తేల్చుకోవడం, ఈ రెండే ప్రాంతాన్ని ఎంచుకునేవారు చేయవలసిన అసలు పనులు.

ముందుగా మీ లెక్క

బ్యాంకు ఇస్తానన్న అప్పును బట్టి ప్రాంతాన్ని వెతకకండి. బ్యాంకు చూసేది మీరు వాయిదాలు కట్టగలరా అన్నదే. ఆ వాయిదా కట్టిన తరువాత మీ పిల్లల చదువుకు, పెద్దవాళ్ల వైద్యానికి ఎంత మిగులుతుందో చూసుకోవలసినది మీరు. ఏడాదికి 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకున్న అప్పుకు మొత్తం మీద తిరిగి కట్టేది అసలుకు సుమారు రెట్టింపు. అదే అప్పును 30 ఏళ్లకు పొడిగిస్తే, నెల వాయిదా తగ్గినట్టు కనిపించినా, కట్టేది అసలుకు 2.6 రెట్లు దాటుతుంది. అందుచేత రెండు ప్రాంతాల ధరల మధ్య కనిపించే ప్రతి వంద తేడా, అప్పు చేసి కొనేవారికి రెండు వందలో రెండు వందల అరవయ్యో అవుతుందని గుర్తుంచుకుని పోల్చాలి.

ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం లోపు ఉండాలన్న కొలత చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అది మంచి ఆరంభమే గాని, ప్రాంతాన్ని ఎంచుకోవడానికి అది ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అది ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోదు. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ 2006లో ఇంటి ఖర్చునూ ప్రయాణ ఖర్చునూ కలిపి చూసే సూచికను తెచ్చి, రెండూ కలిసి ఆదాయంలో 45 శాతం దాటకూడదని ప్రతిపాదించింది. ఈ చూపుతో లెక్కవేస్తే కొన్ని చవక ప్రాంతాల అసలు ధర బయటపడుతుంది. ఉదాహరణకు మీ నెల ఆదాయాన్ని వందగా తీసుకోండి. దగ్గరి ప్రాంతంలో ఇంటికి 32, రాకపోకలకు 6 ఖర్చయితే మొత్తం 38. దూరపు ప్రాంతంలో ఇంటికి 24 మాత్రమే అయినా, కుటుంబానికి రెండో వాహనం అవసరమై రాకపోకలకు 17 ఖర్చయితే మొత్తం 41. చవక ఇల్లే ఇక్కడ ఖరీదైన ఇల్లు. పైగా ఇంటి అప్పు ఏదో ఒకనాటికి తీరిపోతుంది, ఇంధనం ఖర్చు తీరేది కాదు.

పన్ను, బీమా, కాలనీ నిర్వహణ రుసుము ప్రాంతాన్ని బట్టి మారతాయి కనుక వాటిని కూడా ఈ లెక్కలో చేర్చండి. మరమ్మతుల కోసం ఏటా ఇంటి ధరలో 1 శాతం పక్కన పెట్టుకోవాలన్నది చాలామంది పాటించే అంచనా. పాత ఇళ్లకు అది చాలకపోవచ్చు.

ఇక కాలం సంగతి. వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట అదనంగా పట్టే ప్రాంతంలో ఇల్లు తీసుకుంటే, ఏడాదికి 240 పనిదినాల చొప్పున 240 గంటలు దారిలో పోతాయి. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే అవి 30 రోజులు. ఆ ముప్పై రోజులను ధరలో మిగిలిన డబ్బుతో పోల్చి, ఈ బేరం సమ్మతమేనా అని ఇంట్లో సంపాదించే ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి.

కారణాల్లో రకాలు

నగర కేంద్రానికి దూరమయ్యేకొద్దీ భూమి విలువ ఎందుకు తగ్గుతుందో 1826లోనే యోహాన్ హైన్రిష్ ఫాన్ ట్యూనెన్ అనే జర్మన్ ఆర్థికవేత్త పొలాలకూ మార్కెట్టుకూ మధ్య ఉన్న దూరాన్ని బట్టి వివరించాడు; 1964లో విలియం అలోన్సో అనే అమెరికన్ ఆర్థికవేత్త అదే తర్కాన్ని నగరాలకు విస్తరించాడు. ప్రయాణానికి అయ్యే ఖర్చు మేరకు ధర తగ్గుతుందన్నది దాని సారం. ఇల్లు కొనేవారికి దీనినుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. దూరం వల్ల తగ్గిన ధర మీకు దానంగా వచ్చింది కాదు, ప్రయాణ రూపంలో మీరు దానిని తిరిగి చెల్లిస్తారు. అయితే మీరు పనిచేసే చోటు కేంద్రంలో కాకుండా నగరం అంచున ఉంటే, అందరికీ దూరమైన ప్రాంతం మీకు దగ్గరవుతుంది. అప్పుడు ఆ తక్కువ ధర పూర్తిగా మీ లాభమే. కాబట్టి పటం తెరిచి నగర కేంద్రం చుట్టూ కాక, మీ కుటుంబం ప్రతిరోజూ వెళ్లే చోట్ల చుట్టూ గీత గీయండి. ఆ గీతను కిలోమీటర్లతో కాక, రద్దీ వేళ పట్టే నిమిషాలతో గీయండి.

ఇలా ఇతరులను ఇబ్బంది పెట్టి మిమ్మల్ని తాకని కారణాలు మొదటి రకం. వాటిని వెతకడమే తక్కువ డబ్బుతో మంచి ప్రాంతాన్ని సంపాదించే మార్గం. కారు లేనివారికి పార్కింగు లేకపోవడం లోటు కాదు. పేరున్న ప్రాంతానికి ఆనుకుని, వేరే పేరుతో పిలవబడే పక్క ప్రాంతం కూడా ఇటువంటిదే. అదే స్టేషను, అదే ఆసుపత్రి, అదే మార్కెట్టు వాడుకుంటూ, చిరునామాలో పేరు మారినందుకే తక్కువ ధరకు దొరికే వీధులు చాలా నగరాల్లో ఉంటాయి. నన్నడిగితే మొదట వెతకవలసినవి అవే.

కాలంతో తీరిపోయే కారణాలు రెండో రకం. రోడ్డు ఇంకా పూర్తికాలేదు, రైలు మార్గం నిర్మాణంలో ఉంది, బడి రాబోతోంది అని అమ్మేవారు చెబుతారు. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. రాబోయే సౌకర్యం పేరు చెప్పి ధర ముందే పెంచి ఉంటారు, సౌకర్యం మాత్రం ఎన్నేళ్లు ఆలస్యమైనా అడిగే దిక్కుండదు. ఈ రోజు నడుస్తున్న బస్సును, ఈ రోజు తెరిచి ఉన్న బడిని మాత్రమే లెక్కలో వేసుకోండి. ఆ కొత్త మార్గం ఎన్నటికీ రాకపోయినా ఇక్కడ ఉండగలమా అన్న ప్రశ్నకు అవునని చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

మూడో రకం ఎన్నటికీ తీరనివి. వాటిలో నీటిని గురించి కొంత వివరంగా చెప్పాలి. పల్లంలో ఉన్న భూమి ఎంత అందంగా కట్టినా పల్లమే. ‘నూరేళ్ల వరద’ అన్న మాట విని, అది నూరేళ్లకొకసారి వస్తుంది కదా అని ధైర్యపడేవారున్నారు. దాని అర్థం ఏ ఏడాదిలోనైనా అంతటి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని. నిరుడు వచ్చింది గనుక ఈ ఏడు రాదన్న హామీ అందులో లేదు. 30 ఏళ్ల అప్పు కాలంలో కనీసం ఒక్కసారైనా ఆ ముంపు చూసే అవకాశం సుమారు 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ. అందుకే వర్షాకాలంలో, వీలైతే పెద్దవాన వెలిసిన మరునాడు ఆ ప్రాంతానికి వెళ్లండి. గోడల అడుగుభాగాన ఒకే ఎత్తులో సాగిన మరకలు, పక్కిళ్ల వాళ్లు తరువాత కట్టుకున్న ఎత్తైన గడపలు, ఇంటి గచ్చు కంటే పైకి లేచిన రోడ్డు, ఇవి ఏ పత్రమూ చెప్పని సంగతి చెబుతాయి. పాత పటంలో ఆ చోట చెరువో వాగో ఉందా అని చూడండి. వరద బీమా ఇవ్వడానికి సంస్థలు వెనకాడుతున్నాయంటే, వాళ్లు లెక్క ముందే వేసుకున్నారని అర్థం చేసుకోండి.

ముంపుతో పాటు నీటి ఎద్దడి, చెత్తకుప్ప, కర్మాగారపు వాసన, హోరెత్తే రహదారి కూడా ఈ రకంలోనివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో వెలువరించిన మార్గదర్శకాలు రాత్రివేళ రహదారి శబ్దం సగటున 45 డెసిబెల్స్‌కు మించకూడదని సూచిస్తాయి. పడకగది కిటికీ తెరిచి ఫోనులోని కొలమానంతో రాత్రిపూట చూస్తే ఉజ్జాయింపుగానైనా పరిస్థితి తెలుస్తుంది. యాజమాన్య హక్కుపై వివాదం ఉన్న భూములైతే ఎంత చవకైనా వదిలేయండి. పత్రాలను అమ్మేవారు చూపించిన న్యాయవాదితో కాక, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న న్యాయవాదితో పరిశీలింపజేయండి.

కాలినడకన తెలిసేవి

నేనొక ప్రాంతాన్ని ఆదివారం ఉదయం చూసి ఎంతో ఇష్టపడ్డాను. చెట్లనీడ, ఖాళీగా ఉన్న వీధులు, గేటు దగ్గర ఆడుకుంటున్న పిల్లలు, అన్నీ బాగున్నాయి. బుధవారం సాయంత్రం మళ్లీ వెళితే, ఆ ప్రాంతానికి ఉన్న ఒకే ఒక్క దారిలో రైల్వే గేటు పడి, నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. పనికి వెళ్లే వేళ, తిరిగి వచ్చే వేళ, రాత్రి పది తరువాత, సెలవురోజు మధ్యాహ్నం, ఇలా కనీసం నాలుగుసార్లు చూడనిదే ఏ ప్రాంతాన్నీ నమ్మకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఈ నాలుగింటిలో ఒక్కసారైనా మీరు రోజూ వాడబోయే వాహనంలోనే వెళ్లండి. బస్సులో తిరగవలసినవారు బ్రోకరు కారులో వెళ్లి చూస్తే తెలిసేది ఏమీ ఉండదు.

మనుషులతో మాట్లాడేటప్పుడు సొంత ఇంటివారి కంటే అద్దెకున్నవారు ఎక్కువ నిజం చెబుతారు. సొంతదారులు అబద్ధాలాడతారని కాదు. తమ ఆస్తి విలువను తగ్గించే మాట నోటివెంట రావడం ఎవరికైనా కష్టమే. ‘ఇక్కడ ఎలా ఉంది’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ‘నిరుడు ఎండాకాలంలో నీళ్లు వరుసగా ఎన్నాళ్లు రాలేదు’, ‘అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఎక్కడికి వెళ్తారు’, ‘పక్కింటివాళ్లు ఎందుకు ఖాళీ చేశారు’ అని అడిగితే అసలు సంగతులు వస్తాయి.

ధరను అర్థం చేసుకోవడానికి, అమ్మేవారు అడుగుతున్న ధరలను కాక, ఈమధ్య నిజంగా చేతులు మారిన ఇళ్ల ధరలను విస్తీర్ణంతో భాగించి పోల్చండి. తరువాత అదే వీధిలో అటువంటి ఇంటికి వచ్చే అద్దె తెలుసుకోండి. ఇంటి ధరను ఏడాది అద్దెతో భాగిస్తే వచ్చే సంఖ్య 15 లోపు ఉంటే కొనడం మేలని, 20 దాటితే అద్దెకుండటమే మేలని ఒక మోటు లెక్క ఉంది. వడ్డీ రేట్లను బట్టి ఈ హద్దులు మారతాయి గనుక, దానిని ఒక్క ప్రాంతానికి తీర్పుగా కాక, మీరు ఎంచిన రెండు మూడు ప్రాంతాలను పోల్చడానికి వాడండి. అద్దె ఈనాటి వసతికి ఇచ్చే వెల, అమ్మకపు ధరలో రేపటి ఆశ కూడా కలిసి ఉంటుంది. అద్దెలు తక్కువగా ఉండి ధరలు మాత్రం ఎక్కువగా ఉన్న చోట, మీరు డబ్బిచ్చేది ఎక్కువగా ఆ ఆశకే.

వీలున్నవారు కొనదలచిన ప్రాంతంలో ఆరు నెలలు అద్దెకుండి చూడటం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. సామాను తరలింపుకయ్యే ఖర్చు, తప్పుడు ప్రాంతంలో ఇల్లు కొని అమ్ముకోవడానికయ్యే నష్టంతో పోలిస్తే చాలా చిన్నది.

చివరికి చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మంచి ప్రాంతంలో చిన్న ఇల్లా, దూరాన పెద్ద ఇల్లా? బంధువులు వచ్చి చూసినప్పుడు పెద్ద ఇల్లే గొప్పగా కనిపిస్తుంది. అయినా కుటుంబానికి గదులు మరీ ఇరుకైతే తప్ప, తొలి ఇంటికి నేను మొదటిదాన్నే సూచిస్తాను. చిన్న ఇంటిని అవసరమైతే అమ్మడమూ అద్దెకివ్వడమూ తేలిక, ఉద్యోగం మారినా దారులన్నీ దగ్గరలోనే ఉంటాయి.

ప్రాంతం తేలి, ఇల్లు కుదిరి, బయానా ఇచ్చే రోజు వచ్చినప్పుడు, చెక్కు రాయడానికి ముందు ఒక కాగితం మీద ‘ఈ ప్రాంతం చవకగా ఉండటానికి కారణం ఇది, దీనితో మేము ఉండగలము, ఎందుకంటే...’ అని మొదలుపెట్టి ఒక వాక్యం పూర్తి చేయండి. దానిని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. వాక్యం పూర్తికాకపోయినా, విన్నవారిలో ఒక్కరు మౌనంగా ఉండిపోయినా, బయానాను వారం రోజులు వాయిదా వేసి, ఆ ప్రాంతానికి మరొకసారి రద్దీ వేళలో వెళ్లిరండి.