దసరా కొలువుకు కాగితపు గుజ్జు ఏనుగు

కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువును ఎక్కువగా సంక్రాంతికి పెడితే, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఇళ్లలో దసరా నవరాత్రులకు తీరుస్తారు. కొండపైన శ్రీవారి బ్రహ్మోత్సవాలు కూడా ఆ రోజులకు దగ్గరగానే జరుగుతాయి కాబట్టి, ఇక్కడి కొలువుమెట్ల మీద వాహనసేవలను తలపించే బొమ్మలకు ఎప్పుడూ చోటుంటుంది. పై మెట్టు మీద ఎర్రచందనపు జంటబొమ్మలు ఎలాగూ ఉంటాయి. ఏటా ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలనే ఆనవాయితీ ఉన్నవారు ఆ బొమ్మను ఇంట్లోనే కాగితంతో చేసుకోవచ్చు. బ్రహ్మోత్సవాల ఆరవనాటి రాత్రి ఊరేగే గజవాహనాన్ని మనసులో పెట్టుకొని, అడుగు ఎత్తు ఏనుగును చేసే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ పనిలో చేతి నేర్పు కన్నా ఆరబెట్టడమే ముఖ్యం. పైకి గట్టిపడి లోపల తడి మిగిలిన బొమ్మ పది రోజులకే బూజు పట్టి, వాసన వేసి, రంగును పొక్కులుగా విడిచేస్తుంది. ఆశ్వయుజం నాటికి మన వైపు మబ్బులు, ఈశాన్య రుతుపవనాల జల్లులు మొదలయ్యే అవకాశం ఉంటుంది కనుక, వినాయక చవితికి ముందే పని ప్రారంభించి, నవరాత్రులకు వారం ముందే రంగులు పూర్తయ్యేలా చూసుకోవాలి.

మొదట జిగురు సిద్ధం చేసుకోవాలి. ఒక కప్పు మైదాను కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోస్తూ, పిండి తెల్లదనం పోయి గంజిలా మెరిసేదాకా సన్నని సెగ మీద కలియబెట్టాలి. చల్లారిన తరువాత నాలుగైదు చుక్కల లవంగనూనె వేస్తే బూజు త్వరగా పట్టదు. కొందరు ఇందుకోసం ఉప్పు కలుపుతారు గాని, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి వానాకాలంలో అది మేలు కన్నా చేటే చేస్తుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే పాత పద్ధతి కూడా ఉంది; అది విషపదార్థం, పిల్లలు చేతులు పెట్టే పనిలో దాన్ని వాడనే కూడదు. మన వైపు చింతచెట్లకు కొదవ లేదు కనుక, చింతగింజలను వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి ఉడికించిన జిగురును కూడా వాడవచ్చు. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడే ముద్దలో ఉండేదీ చింతగింజల పొడే.

ఏనుగు పొట్టకు ఒక లీటరు ప్లాస్టిక్ సీసా సరిపోతుంది. బట్టల దుకాణాల్లో గుడ్డ చుట్టి వచ్చే అట్టగొట్టాన్ని అడిగి తెచ్చుకొని, నాలుగు సమానమైన ముక్కలుగా కోస్తే కాళ్లవుతాయి. తలకు కాగితాన్ని గట్టిగా ఉండ చుట్టి, తొండానికి సన్నని ఇనుప తీగ మీద కాగితాన్ని మెలిపెట్టి, చెవులకు పెట్టె అట్టను కత్తిరించి, అన్నింటినీ మాస్కింగ్ టేపుతో బిగించాలి. కాళ్లలో గులకరాళ్లు వేసి మూతి మూస్తే బొమ్మ తల బరువుకు ముందుకు ఒరగదు. ఈ దశలో బొమ్మను బల్ల మీద నిలబెట్టి అన్ని వైపుల నుంచీ చూడాలి. ఇప్పుడున్న వంకర కాగితం అతికించాక పోతుందనుకోవడం వృథా.

వార్తాపత్రికను కత్తెరతో కోయకుండా చేత్తో అంగుళం వెడల్పు పీలికలుగా చింపాలి. చింపిన అంచు పలుచగా ఉంటుంది కాబట్టి పొర మీద పొర గీత తెలియకుండా కలిసిపోతుంది. పత్రికను పైనుంచి కిందికి చింపితే పీలికలు తిన్నగా వస్తాయి, అడ్డంగా చింపితే ఇష్టం వచ్చినట్లు పోతాయి. పీలికను జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి అదనపు జిగురును వదిలించి, ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా అతికించాలి. ఒక పొర మామూలు పత్రికతోనూ, తరువాతి పొర గులాబీరంగు ఆర్థిక పత్రికతోనూ వేస్తే ఎక్కడ ఖాళీ మిగిలిందో కంటికి కనబడుతుంది. రెండు పొరలు వేసి పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే మరో రెండు వేయాలి. మొత్తం ఆరు పొరలు చాలు. తడిబొమ్మను నేరుగా ఎండలో పెడితే పైచర్మం బిగుసుకొని ఆకారం మెలిపడుతుంది కనుక, ఒక పూట నీడలో గాలికి ఉంచి, ఆ తరువాత మిద్దె మీద ఎండబెట్టాలి. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిన బొమ్మలో ఇంకా తడి ఉన్నట్లే.

కనుబొమలు, కుంభస్థలం, మెడలోని గంటలు, వీపు మీది అంబారీ అంచులు పీలికలతో తేలవు. వాటికి గుజ్జు కావాలి. పాత కాలంలో మన ఇళ్లలో ఆడవాళ్లు కాగితాలను నానబెట్టి, మెంతులతో రోట్లో రుబ్బి, బోర్లించిన గిన్నెల మీద మెత్తి తట్టలు చేసుకునేవారు. ఆ పద్ధతిని మించినది నాకు కనిపించలేదు. కోడిగుడ్ల అట్టలు మూడింటిని ముక్కలు చేసి రెండు రోజులు నానబెట్టాలి. అవి గుజ్జుతో చేసినవే కనుక త్వరగా మెత్తబడతాయి. నునుపైన పెళ్లిపత్రికలు మాత్రం ఎంత నానినా సరిగా విడవవు. రాత్రంతా నానిన 50 గ్రాముల మెంతులను మెత్తగా రుబ్బి, నీరు పిండిన గుజ్జుతో కలిపి మళ్లీ రుబ్బాలి. మెంతుల బంక గుజ్జును పట్టి ఉంచుతుంది, వాటి చేదు పురుగులను కొంతవరకు దూరం పెడుతుంది. వంటకు వాడే మిక్సీ జారును దీనికి వాడకూడదు. పత్రిక సిరా కడుపులోకి పోవలసింది కాదు. ముద్ద చపాతీ పిండిలా రాగానే రెండు గరిటెల సుద్దపొడి కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి. మెత్తే మందం పావు అంగుళం దాటకూడదు.

ఆరిన బొమ్మను ముందు 120, తరువాత 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, సుద్దపొడిని ఫెవికాల్ నీళ్లలో కలిపి రెండు పూతలు వేస్తే కాగితపు గరుకు మూసుకుపోతుంది. రంగు మీ ఇష్టం. అక్రిలిక్ రంగులైతే తడి చెయ్యి తగిలినా కరగవు. ఏనుగు మేనికి నలుపు కన్నా బూడిదరంగే బాగుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే దాని మీద నుదుటి పట్టం, ఎర్రని కుచ్చులు, పసుపురంగు గంటలు స్పష్టంగా తేలుతాయి. వీపు మీది గుడ్డ అంచుకు శ్రీకాళహస్తి కలంకారీలో కనిపించే లతలను సన్నని కుంచెతో గీస్తే బొమ్మకు మన ఊరి ముద్ర పడుతుంది. చివరగా మెరుపు లేని వార్నిష్ ఒక పూత చాలు.

కొలువులో దీ‌పానికి ఈ బొమ్మను కనీసం రెండడుగుల దూరంలో, వీలైతే పై మెట్టు మీద ఉంచాలి. హారతి ఇచ్చేటప్పుడు కూడా ఇది కాగితమన్న సంగతి గుర్తుండాలి. పండుగ ముగిశాక ఒక పూట గాలికి ఉంచి, పాత నూలుచీర ముక్కలో ఎండిన వేపాకుతో చుట్టి, చెదలు చేరని చోట నేలకు ఎత్తుగా భద్రపరచాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడితే లోపలి చెమ్మ బయటికి పోదు. మరుసటి ఏడాది తీసేసరికి తొండం చివరో చెవి అంచో విరిగి కనిపిస్తే, చిటికెడు గుజ్జు మెత్తి, ఆరాక ఆ మేరకు రంగు వేస్తే సరిపోతుంది.