టీకా వేసినా తెగులు ఆగకపోతే బర్సాను చూడాలి

సమస్య: కోళ్ళకు కొక్కెర తెగులు టీకాలు వేళకు వేసినప్పటికీ గురక తగ్గదు, ఈ-కోలై బ్యాక్టీరియాకు ఇచ్చిన మందు ఆపగానే చావులు మళ్ళీ మొదలవుతాయి, ఒకే బ్యాచ్ కోళ్ళు హెచ్చుతగ్గుల బరువుతో పెరుగుతాయి. విజయనగరం జిల్లా బ్రాయిలర్ రైతు ఇటువంటప్పుడు మందు మార్చి చూస్తాడు. కానీ లోపం మందులో కాక, కోడి రోగనిరోధక శక్తిని దెబ్బతీసిన వైరస్‌లో ఉండవచ్చు.

కారణం: అప్పుడే చనిపోయినవీ, జబ్బుతో ఉన్నవీ కలిపి ఐదారు కోళ్ళకు పశువైద్యుని చేత పోస్టుమార్టం చేయించి, మలద్వారానికి పైన ఉండే బర్సాను (రోగనిరోధక కణాలు తయారయ్యే చిన్న సంచిని) ప్లీహంతో పోల్చి చూడాలి. లేత వయసులో బర్సాయే పెద్దదిగా ఉండాలి. మూడు నుంచి ఆరు వారాల కోళ్ళలో అది ఉబ్బి, చుట్టూ పసుపుపచ్చని జిగురు పట్టి, తొడ కండరాల్లో రక్తపు చారలు కనిపిస్తే బర్సాను దెబ్బతీసే గంబోరో అనే వైరస్ జబ్బును అనుమానించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ ఉబ్బు కొద్ది రోజులే ఉండి, సుమారు ఎనిమిదో రోజుకల్లా బర్సా కుంచించుకుపోతుంది కనుక, ఆలస్యంగా కోసిన కోడిలో చిన్న బర్సా తప్ప మరే గుర్తూ మిగలదు. మూడు వారాల లోపు సోకితే పైకి జబ్బే కనిపించదు, టీకాలు పట్టకపోవడమే దాని జాడ.

రెండు మూడు వారాల పిల్లలు పాలిపోయి, తొడ ఎముకలోని మూలుగ ఎరుపు తగ్గి పసుపు తిరిగితే, తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా వచ్చే చికెన్ అనీమియా వైరస్ కావచ్చు. గుడ్ల కోళ్ళు ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి పడిపోతే మేరెక్స్ అనే మరో వైరస్ జబ్బు కావచ్చు. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా బర్సాను కుదిస్తుంది. దాణా పరీక్ష చేయించకుండా నేరమంతా వైరస్‌పై మోపడం తొందరపాటే.

నిర్ధారణకు బర్సా, థైమస్ (మెడలోని రోగనిరోధక గ్రంథి), ప్లీహం ముక్కలను 10 శాతం ఫార్మలిన్‌లోనూ, వైరస్ జన్యువును గుర్తించే పీసీఆర్ పరీక్ష కోసం మరికొన్నింటిని ఐసులోనూ ఉంచాలి. ఎక్కడికి పంపాలో గరివిడి పశువైద్య కళాశాలలో అడగవచ్చు. రక్తంలో యాంటీబాడీలను కొలిచే ఎలీసా పరీక్షకు ఒక్కసారి తీసిన రక్తం చాలదు; రెండు మూడు వారాల ఎడంతో మళ్ళీ తీయాలి.

పరిష్కారం: ఈ వైరస్‌లకు మందు లేదు. గంబోరోలో మూత్రపిండాలు దెబ్బతింటాయి కనుక సల్ఫా మందులు మానడం మంచిది. ఆ వైరస్ ఖాళీ షెడ్డులోనూ నెలల తరబడి బతుకుతుంది. పాత ఊక తీసి, ఊక పురుగులను చంపి, కడిగి ఆరిన తరువాతే ఫార్మలిన్ కొట్టాలి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నప్పుడు గంబోరో టీకా వేస్తే వృథా అవుతుంది కాబట్టి, పిల్లల రక్తపరీక్షను బట్టి రోజు నిర్ణయించాలి. మేరెక్స్ టీకా హేచరీలో మొదటి రోజే పడాలి, అనీమియా టీకా తల్లికోళ్ళకు గుడ్డు పెట్టకముందే పడాలి. ఇవి రైతు చేతిలోనివి కావు, పిల్లలను కొనేటప్పుడే అడగాలి. నీళ్ళలో ఇచ్చే టీకాకు క్లోరిన్ లేని నీరు వాడి, లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, రెండు గంటల్లోపు తాగించాలి.