నింటెండో వీ మీద సొంత వెబ్‌సైట్ – 3వ పాఠం: పేజీని బయటికి పంపడం

గత రెండు పాఠాల్లో నింటెండో వారి గేమ్ మెషీన్ వీలోకి హోమ్‌బ్రూ ఛానెల్ (బయటి ప్రోగ్రాములు నడిపించేది) ఎక్కించాం, ఎస్‌డీ కార్డు మీద నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకున్నాం. టీవీ తెర మీద లాగిన్ అడుగుతోందంటే మీరు ఈ పాఠానికి సిద్ధమే. కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. చవగ్గా వస్తోందని వీ మినీ కొనకండి, దానికి ఎస్‌డీ స్లాటూ లేదు, ఇంటర్నెట్టూ లేదు. అమెరికా నుంచి బావగారో పిన్ని కొడుకో తెచ్చిచ్చిన వీ అయితే దాని అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. యూరప్ మోడల్ అడాప్టర్ తెప్పించుకోండి, అది మన కరెంటుకు సరిపోతుంది.

ఇక అసలు సంగతి. 2006లో వచ్చిన ఈ మెషీన్‌లో ఉన్నది 729 మెగాహెర్ట్జ్ పవర్‌పీసీ ప్రాసెసర్, 88 మెగాబైట్ల మెమరీ. దీని మీద వర్డ్‌ప్రెస్ (పేజీని అడిగినప్పుడు అప్పటికప్పుడు తయారుచేసే ప్రోగ్రామ్) నడుపుదామనుకుంటే ఆ ఆశ ఇక్కడే వదులుకోండి. దానికి కావలసిన పీహెచ్‌పీ, డేటాబేస్ రెండూ వచ్చి కూర్చుంటే అంత చిన్న మెమరీలో ఊపిరాడదు. అదే, తయారుగా ఉన్న ఫైలును అడిగినవాళ్లకు తీసివ్వమంటే మాత్రం అవలీలగా ఇస్తుంది. కాబట్టి మన పద్ధతి ఒక్కటే: వంటంతా వేరేచోట, వీ చేతికి గరిటె మాత్రమే.

వెబ్ సర్వర్ విడిగా ఎక్కించాల్సిన పని లేదు. బోజోహెచ్‌టీటీపీడీ అనే బుల్లి సర్వర్ నెట్‌బీఎస్‌డీతో పాటే వస్తుంది. ఇటీసీ ఫోల్డర్‌లోని ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, చివర ఒక కొత్త వరుసలో హెచ్‌టీటీపీడీ (చిన్నక్షరాల్లో), సమాన గుర్తు, యెస్ (వై, ఈ, ఎస్ మూడూ పెద్దక్షరాల్లో) రాయండి. గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలొద్దు, వదిలితే సర్వర్ లేవదు. మీ పేజీలు వార్ ఫోల్డర్‌లోని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో పెట్టి, ఎవరైనా చదవగలిగేలా అనుమతి ఇవ్వండి. రీబూట్ చేసి, ఇంట్లోని ఫోన్‌లో వీ ఐపీ అడ్రస్ కొట్టి చూడండి. వైఫై జోలికి వెళ్లకుండా యూఎస్‌బీ లాన్ అడాప్టర్ వాడండి. నింటెండో అమ్మిన అడాప్టర్‌లో ఉన్నది ఏసిక్స్ చిప్, దాన్ని నెట్‌బీఎస్‌డీ గుర్తుపడుతుంది.

పేజీ తెరుచుకుంది కానీ తెలుగు బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లిష్ 'ఏ' అక్షరాలు బారులు తీరాయా? మీ హెచ్‌టీఎంఎల్ ఫైలు హెడ్ భాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ప్రకటించడం మరిచారన్నమాట. ఆ ఒక్క మెటా ట్యాగ్ పెట్టగానే అక్షరాలు సర్దుకుంటాయి.

తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అని రాస్తే కంటికి మూడక్షరాలే, ఫైలులో 18 బైట్లు. ఇంత బరువు ఎందుకని కంగారు పడకండి. ఆ మూడింటిలో మొదటి బైటు తెలుగు మొత్తానికీ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఇలా పదే పదే వచ్చే వాటిని జిజిప్ అనే ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా కుదిస్తుంది. కాకపోతే ఆ కుదించే పని వీకి అప్పగించొద్దు. మీ ల్యాప్‌టాప్‌లోనే ప్రతి హెచ్‌టీఎంఎల్ ఫైలుకూ జిజిప్ కాపీ చేసి, అదే పేరు చివర డాట్ జీజెడ్ తగిలించి, అసలు ఫైలు పక్కనే పెట్టండి. బ్రౌజర్ కుదించిన కాపీ తీసుకోగలనంటే బోజో నేరుగా దాన్నే ఇస్తుంది. పేజీ మార్చినప్పుడల్లా ఈ కాపీ కూడా కొత్తగా చేయాలి, లేదంటే జనానికి పాత పేజీయే కనిపిస్తుంది. ఫొటోలు కూడా ల్యాప్‌టాప్‌లోనే చిన్నవి చేసుకోండి. తెలుగు ఫాంటు ఫైలు జతచేసే మోజు మానుకోండి, ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్‌లోనూ తెలుగు ఫాంటు ఉంటుంది.

ఇల్లు దాటించడం

మీ రౌటర్ సెట్టింగుల్లో వ్యాన్ అడ్రస్ (కనెక్షన్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన ఐపీ అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరు, ఇంకెందరో ఇరుగుపొరుగు ఒకే పబ్లిక్ అడ్రస్ పంచుకుంటున్నారు. మన దగ్గర బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఇది మామూలే. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చినవాళ్లను వీ దగ్గరికి పంపే ఏర్పాటు) ఎంత చేసినా బయటివాళ్లు లోపలికి రాలేరు. ఇలాంటప్పుడు లోపలినుంచి బయటికి దారి వేసే క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ ఉందిగా అంటారేమో, దాని ప్రోగ్రామ్ గో భాషలో రాసింది. గో అధికారిక కంపైలర్ వీలో ఉన్న 32 బిట్ పవర్‌పీసీకి కోడ్ తయారుచేయదు.

మిగిలిన దారి, నా లెక్కలో మంచి దారి కూడా, చవకైన ఒక వీపీఎస్, అంటే పబ్లిక్ అడ్రస్‌తో ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్. వీ నుంచి దానికి ఎస్‌ఎస్‌హెచ్ (రెండు మెషీన్ల మధ్య రహస్య లింకు) రివర్స్ టనెల్ వేయండి: వీపీఎస్‌లోని 8080 పోర్టుకు వచ్చింది వీలోని 80కి చేరాలి. మామూలు సెట్టింగుల్లో ఆ 8080 వీపీఎస్ లోపలికే కనిపిస్తుంది, బయటివాళ్లకు కాదు. మనకు కావలసిందీ అదే. వీపీఎస్ మీద క్యాడీ అనే వెబ్ సర్వర్ పెట్టి, మీ డొమైన్‌కు వచ్చిన రిక్వెస్టులను 8080కి మళ్లించమనండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్, ఎన్‌క్రిప్షన్ సంగతి క్యాడీయే చూసుకుంటుంది, వీకి ఆ భారం తప్పుతుంది.

'అయినా ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఎన్‌క్రిప్షనే కదా, వీకి భారం తగ్గిందెక్కడ?' మంచి ప్రశ్న. హెచ్‌టీటీపీఎస్‌లో బరువైన పని హ్యాండ్‌షేక్, అంటే మొదట తాళాలు మార్చుకునే లెక్క. నేరుగా వీ మీదే పెడితే వచ్చిన ప్రతి కొత్త పాఠకుడికీ ఆ లెక్క మళ్లీ చేయాలి. టనెల్‌లో అది కనెక్ట్ అయ్యేటప్పుడు ఒకసారి, తర్వాత మధ్య మధ్యలో తాళం మార్చినప్పుడు మాత్రమే. ఆ పైన అక్షరాలను గిలకొట్టడం ఈ పాత ప్రాసెసర్‌కు పెద్ద పనేం కాదు. లింకు తెగితే తెలిసేలా ఎస్‌ఎస్‌హెచ్‌కు సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 60 సెకన్లు పెట్టి, ఆ కమాండ్‌ను ఎడతెగకుండా తిరిగే చిన్న షెల్ లూప్‌లో ఉంచండి.

వీపీఎస్ మీద కాష్ (పేజీల కాపీలు దాచుకునే ఏర్పాటు) మాత్రం పెట్టొద్దు. పెడితే పేజీలన్నీ అక్కడినుంచే పోతాయి, వీ టీవీ కింద షోకేసు బొమ్మలా మిగులుతుంది. అప్పుడు ఇంత తంటా దేనికి?

వచ్చే పాఠంలోకి రాకముందు రెండు పనులు చేయండి. మొబైల్ డేటా మీద మీ డొమైన్ తెరిచి, అదే సమయంలో వీలో టాప్ కమాండ్ నడుపుతూ ఖాళీ మెమరీ ఎంత ఉందో రాసుకోండి. తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఎస్‌డీ కార్డు రూట్ (/) వరుసకు లాగ్ (ఫైలు సిస్టమ్ మార్పులకు చిట్టా ఉంచేది), నోఏటైమ్ (ఫైలు చదివినప్పుడల్లా ఆ సమయం రాయకుండా ఆపేది) ఆప్షన్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే చేర్చండి. 4వ పాఠం కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్న దాని గురించి. ఆ రెండు ఆప్షన్లు లేకుండా దాన్ని మొదలుపెట్టలేం.