ట్రెక్‌లో తీసిన జంతువుల ఫోటోలు సాఫ్ట్‌గా వస్తున్నాయా? లెన్సు మార్చే ముందు గాలిని చూడండి

సమస్య ఇది. హిమాచల్‌లోని స్పితిలో కిబ్బర్ ఊరి పైన ఎదుటి కొండ మీద ఐబెక్స్ (అడవి కొండమేక) మంద కనిపించింది. ఫోకస్ పడింది, షట్టర్ వేగం సరిపోయింది, కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద బాగానే ఉంది. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే ఒక్క వెంట్రుకా విడిగా కనబడదు, కొమ్ము అంచు అలికేసినట్టుంటుంది. దీనికి చాలామంది చెప్పుకునే కారణం "తేలిక లెన్సు కదా, ఇంతే వస్తుంది" అని. తర్వాతి ట్రిప్పుకి పెద్ద లెన్సు కొంటారు.

తేలిక లెన్సు కేనన్ ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములు. పెద్ద లెన్సు సోనీ 200-600 బరువు 2,115 గ్రాములు. మధ్యలో తేడా దాదాపు కిలోన్నర. 4,000 మీటర్ల ఎత్తులో వీపున మోసేవాళ్లకి కిలోన్నర అంటే ఒక లీటరు నీళ్లు, ఒక డౌన్ జాకెట్. అసలు తప్పు లెన్సుది కానప్పుడు ఆ బరువంతా దండగ.

ముందు ఫిల్టర్ తీయండి

లెన్సు ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. టెలీ లెన్సు మీద చవక ఫిల్టర్ పెట్టి లెన్సుని తిట్టడం ఎంత మామూలో చెప్పలేం. ముందు అద్దం మీద వేలిముద్రలు, సన్‌స్క్రీన్ జిడ్డు ఉన్నాయేమో వెలుతురుకి పెట్టి చూడండి. ఆ తర్వాత 10-15 మీటర్ల దూరంలో నీడలో ఉన్న రాయి మీద ఫోకస్ చేసి ఒక ఫోటో తీయండి. రాతి గరుకుదనం స్పష్టంగా వస్తే మీ లెన్సు బాగుంది. తప్పు వేరే చోట ఉంది.

ఇప్పుడు దూరపు జంతువు మీద 1/2000 సెకను షట్టర్ వేగంతో వరసగా 20 ఫ్రేములు తీసి, అదే చోట జూమ్ చేసి ఒకదాని తర్వాత ఒకటి తిప్పండి. అన్నీ ఒకేలా సాఫ్ట్‌గా ఉండి, జంతువు ముందో వెనకో ఉన్న గడ్డి షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. ఒక ఫ్రేములో కన్ను స్పష్టంగా, తర్వాతి దాంట్లో అలికినట్టు, మూడో దాంట్లో కొమ్ము వంకరగా ఉంటే అది సెగ, అంటే వేడిగాలి కదలికకి బొమ్మ వణకడం. మీ మామూలు వేగంతో తీసిన ఫోటోలో మాత్రం అన్నీ ఒకే దిశలో సాగినట్టుంటే చెయ్యి కదిలింది.

చెయ్యి కదలడానికి మందు తెలిసిందే: 400 మి.మీ. దగ్గర కనీసం 1/800, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెరుగుతుందని భయపడకండి. కిలో బరువుండే ట్రైపాడ్ అయితే మధ్య కడ్డీ పైకి లేపొద్దు. బ్యాగు దానికి వేలాడదీస్తే నేలకి ఆనేలా ఉండాలి, లేకపోతే గాలికి ఊగి అదే ట్రైపాడ్‌ని కదిలిస్తుంది. చాలాసార్లు రాయి మీద బ్యాగు పెట్టి, దాని మీద లెన్సు ఆనించడం ఇంతకంటే మేలు.

సెగ: చలిలో కూడా ఉంటుంది, అదే మోసం

మే నెలలో తారు రోడ్డు మీద ఎండమావులు అందరూ చూసినవే. కర్నూలు దగ్గర రోళ్లపాడు గడ్డి మైదానంలో పొద్దెక్కాక కృష్ణజింక కాళ్లు నీళ్లలో తేలుతున్నట్టు కనిపిస్తే, సెగ అని ఎవరైనా చెబుతారు. కొండల్లో మాత్రం ఆ ఆలోచనే రాదు. మైనస్ 10 చలి, చేతికి గ్లవ్స్, ముందు మంచు. ఇక్కడ సెగ ఎక్కడిది?

కావలసింది వేడి కాదు, తేడా. ఎత్తులో ఎండ తీక్షణంగా ఉంటుంది. మంచు కరిగి బయటపడిన నల్లరాయి ఎండకి కాగుతుంది, దాని మీది గాలి మాత్రం చల్లగానే ఉంటుంది. రాతిని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లగాలి కిందికి దిగుతుంది. వేడి గాలి, చల్లగాలి వెలుతురుని వేర్వేరుగా వంచుతాయి. 400 మీటర్ల దూరం ఇలాంటి గాలి గుండా వచ్చిన బొమ్మ ఎంత ఖరీదైన అద్దంలోకి వచ్చినా చెదిరే వస్తుంది. పెద్ద లెన్సు ఆ చెదురుని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించి బొమ్మని 1.4 రెట్లు పెద్దది చేసే కన్వర్టర్ పెట్టినా అంతే. ఆటో ఫోకస్ కూడా ఆ వణుకులో తడబడి ముందుకీ వెనక్కీ పోతుంది.

సెగ మీ పక్కనే పుట్టే సందర్భాలు ఇంకా చెడ్డవి. హోమ్‌స్టేలో తందూరు పొయ్యి వెలిగించిన గదిలో కూర్చుని, కిటికీ తెరిచి ఎదుటి కొండ మీదికి లెన్సు పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. గదిలోని వేడిగాలి సరిగ్గా మీ లెన్సు ముందు నుంచే బయటికి పోతుంది. ఎండలో ఆగిన జీపు బానెట్ మీంచి తీసినా అదే ఫలితం. గదిలో వెచ్చబడ్డ లెన్సుని చలిలోకి తెచ్చి వెంటనే తీసినా అంతే: లెన్సు ముందు తగిలించే పొడవాటి హుడ్ గొట్టంలా పనిచేసి వేడిగాలిని అద్దం ముందే నిలబెడుతుంది. ఇలాంటప్పుడు హుడ్ తీసి మళ్లీ తీయండి. తేడా కనిపిస్తే కారణం దొరికింది.

ఏం చేయాలంటే: లెన్సుని గదిలో కాకుండా వరండాలో, మూసిన బ్యాగులో ఉంచి, తీయడానికి 20-30 నిమిషాల ముందే బయట నీడలో పెట్టండి. ఎండ ఆ వాలు మీద పడకముందే పని ముగించండి. మబ్బు పట్టిన రోజు పగలంతా మీదే. చదునైన నేల మీదుగా కాకుండా లోయకి అడ్డంగా తీయండి, అక్కడ మీ చూపు నేలకి చాలా ఎత్తున పోతుంది. మధ్యాహ్నం నేలమీద పడుకుని తీయొద్దు. తప్పనిసరై ఎండలో తీస్తే వేగం 1/2000 పెట్టి 30-40 ఫ్రేములు తీయండి, గాలి క్షణం నిలిచినప్పటిది ఒకటో రెండో దొరుకుతాయి. జంతువుని బెదరగొట్టకుండా దూరం తగ్గించగలిగితే అంతకు మించినది లేదు.

ఎండ పడకముందు వెలుతురు తక్కువ, తేలిక లెన్సు ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) 400 దగ్గర ఎఫ్ 8కి మించి తెరుచుకోదు. ఐఎస్ఓ 6400 దాకా పోవాల్సి రావచ్చు. పోనివ్వండి. దానివల్ల వచ్చే నాయిస్ (గింజల్లాంటి మచ్చలు) సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు పోతుంది, సెగ పాడుచేసిన వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. ఇంకా దూరం కావాలి, ట్రైపాడ్ ఎలాగూ మోస్తున్నారు అంటే కేనన్‌లో 930 గ్రాముల 600 మి.మీ. ఎఫ్ 11 లెన్సు ఉంది. అయితే దానికి ఎపర్చర్ మార్చే వీలే లేదు, తెల్లవారుజామున ఇబ్బంది పెడుతుంది.

మిగతావి

చలిలోంచి గదిలోకి రాగానే అద్దం మీద తేమ పడుతుంటే, బయటే జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసి లోపలికి తెండి, గంటా రెండు గంటలు తెరవొద్దు. బ్యాటరీ సగం రోజుకే పడిపోతే జేబులో ఒంటికి ఆనించి ఉంచండి, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

దగ్గరి రాయి ఫోటోలో కూడా ఎప్పుడూ ఒకే పక్క సాఫ్ట్‌గా ఉంటే లోపలి అద్దం జరిగి ఉండొచ్చు. అది అరుదు, సర్వీస్ సెంటర్ పని.