ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు: ఇంట్లో చూసుకోవలసిన తీరు

పదేళ్లు దాటిన పిల్లి మునుపటికంటే ఎక్కువ నీళ్లు తాగుతున్నా, లిట్టర్ బాక్స్‌లో తడి పెరిగినా, వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోతున్నా ముసలితనం అని సరిపెట్టుకోకుండా రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి. కిడ్నీల పనితనంలో దాదాపు మూడు వంతులు పోయి, ఒక వంతు మిగిలాక గాని రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి బయటికి పంపవలసిన వ్యర్థం) హద్దు దాటదు. ఎస్‌డీఎంఏ అనే మరో రక్తపరీక్ష జబ్బును దానికంటే ముందే పసిగట్టగలదు. డెసిలీటరుకు 1.6 నుంచి 2.8 మిల్లీగ్రాముల క్రియాటినిన్ ఉంటే రెండవ దశగానూ, 5 దాటితే చివరిదైన నాలుగవ దశగానూ పరిగణిస్తారు. పోయిన భాగం తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే చికిత్స.

ఇంట్లో చేయవలసిన వాటిలో మొదటిది నీరు. దెబ్బతిన్న కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు కనుక ఒంట్లోని నీరు పోతూనే ఉంటుంది, పిల్లి ఆ లోటు పూడ్చుకోవడానికే తాగుతుంది. ఇల్లు పాడవుతోందని నీళ్లగిన్నె ఎత్తివేయడం దానికి చేయగల పెద్ద అపకారం. రెండు మూడు గదుల్లో, లిట్టర్ బాక్స్‌కు దూరంగా, వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టి రోజూ మార్చాలి. తడి ఆహారంలో మరికొంత గోరువెచ్చని నీరు కలపవచ్చు. చికెన్ ఉడికించిన నీళ్లు ఇవ్వదలిస్తే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా ఉడికించాలి; ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఆహారంలో ప్రధాన శత్రువు భాస్వరం. కిడ్నీ పిల్లుల కోసం తయారుచేసిన ఆహారాన్ని పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ, కొన్ని వారాల వ్యవధిలో మార్చాలి. ఎండుచేపలు, ఎముకలు, పాలు మానిపించాలి. మాంసం మానిపిస్తే కిడ్నీలకు విశ్రాంతి అని పెరుగన్నంతోనే సరిపెట్టేవారున్నారు గాని, పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం, మాంసకృత్తులు చాలక కండ కరిగిపోతుంది. కొత్త ఆహారం ముట్టకపోతే ఆకలితో మాడ్చి దారికి తేవాలని చూడవద్దు, రెండు మూడు రోజుల పస్తు కాలేయానికి ముప్పు తెస్తుంది. మంచి ఆహారం వద్దన్న పిల్లికి పాత ఆహారమైనా కడుపునిండా పెట్టడమే మేలు. భాస్వరాన్ని పట్టి ఉంచే మందు రాసిచ్చి ఉంటే తిండిలోనే కలపాలి, విడిగా వేస్తే దాని పని జరగదు.

ఒంట్లో నీటి లోటు తీర్చడానికి చర్మం కింద రింగర్ లాక్టేట్ (సెలైన్ వంటి ద్రవం) ఎక్కించడం వైద్యుడి దగ్గర ఒకసారి చేసి చూసి నేర్చుకోదగినదే. సీసాను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకెత్తి, ప్రతిసారీ కొత్త సూదితో, వైద్యుడు చెప్పిన కొలత మేరకే ఎక్కించాలి. అక్కడ ఏర్పడే బుడిపె ముందుకాలి వైపు జారినా భయపడనక్కరలేదు, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. గుండెజబ్బు ఉన్న పిల్లికి ఇది ప్రమాదం కావచ్చు. శ్వాస వేగం పెరిగితే ఆపి వెంటనే వైద్యుడిని సంప్రదించాలి.

బీపీ కూడా కొలిపించాలి. అది బాగా పెరిగితే కంటిపాపలు పెద్దవై చూపు హఠాత్తుగా పోవచ్చు. మెడ ఎత్తలేక తల వాల్చేస్తుంటే పొటాషియం తగ్గి ఉండవచ్చు. ఒక రోజంతా తినకపోయినా, మూత్రం ఆగినా ఆలస్యం చేయరాదు. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ఎంత కొద్దిగానైనా వేయరాదు, అది పిల్లికి విషం. లిల్లీ పూలు కూడా పిల్లి కిడ్నీలకు విషమే, వాటిని ఇంట్లోకి రానీయవద్దు.

వారానికోసారి పసిపిల్లల తూకంపై బరువు చూసి, తేదీతో సహా రాసి, మూడు నుంచి ఆరు నెలలకొకసారి చేయించే పరీక్షలకు ఆ కాగితాన్ని తీసుకువెళ్లాలి. మందుల మోతాదు మార్చడానికి వైద్యుడికి అది ఎంతో ఉపయోగపడుతుంది.