సముద్రపు ఒడ్డున ఇంటిని తిరిగి కట్టించేటప్పుడు పనివారిని కలిపి నడిపించడం ఎలా

విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రానికి ఎదురుగా పాతికేళ్ల కిందట కట్టుకున్న ఇళ్లను ఇప్పుడు కొందరు పూర్తిగా కూల్చి, మరికొందరు స్తంభాలూ దూలాలూ మిగిలేదాకా ఒలిచి, తమ అభిరుచికి తగినట్టు తిరిగి కట్టించుకుంటున్నారు. అలాంటి ఇంటికి ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, కాంట్రాక్టరు మొదలుకొని తాపీ మేస్త్రీ, రాడ్ బెండర్లు, సెంట్రింగువాళ్లు, వాటర్‌ప్రూఫింగువాళ్లు, కిటికీలు బిగించేవాళ్లు, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వడ్రంగి, పెయింటర్ దాకా డజను రకాల పనివారు వస్తారు. ఎవరి పని వారికి బాగానే వచ్చు. ఇంత ఖరీదైన ఇంటికి పని రానివారిని ఎవరూ పిలవరు. అయినా మూడో వర్షాకాలానికే గోడ చెమ్మగిల్లిందంటే, చాలాసార్లు లోపం ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలైన అతుకు దగ్గర బయటపడుతుంది. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య, సజ్జ గోడలో కలిసేచోట, ఏసీ పైపు గోడను దాటేచోట ఉప్పుగాలికి దారి దొరుకుతుంది. అందువల్ల ప్రతి అతుకుకూ ఎవరు బాధ్యులో పని మొదలు కాకముందే తేల్చుకోవడం ఇటువంటి ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు.

మొదటి సమావేశం పాత ఇంట్లోనే, సమ్మెట దెబ్బ పడకముందే జరగాలి. ఆర్కిటెక్టు, ఇంజనీరు, కాంట్రాక్టరుతో పాటు అనుమతుల పని చూసే వ్యక్తి కూడా ఆ రోజు ఉండాలి. పోటు రేఖ (పెద్ద పోటుకు సముద్రపు నీరు చేరే గీత) నుంచి భూభాగం వైపు 500 మీటర్ల వరకు తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. 2011లో వచ్చిన నోటిఫికేషన్ స్థానంలో 2019లో కొత్తది వచ్చింది. పట్టణంగా అభివృద్ధి చెందిన రెండో కేటగిరీ ప్రాంతంలో, అప్పటికే ఉన్న రోడ్డుకు లేదా అనుమతి పొందిన కట్టడానికి భూమి వైపున మాత్రమే నిర్మాణాలను అనుమతిస్తారు. మీ స్థలం ఏ కేటగిరీలో ఉందో, పాత ఇంటికి మంజూరైన ప్లాను ఉందో లేదో తెలియకుండా కూల్చితే, ఖాళీ స్థలం మిగిలి అనుమతి రాని పరిస్థితి ఎదురుకావచ్చు. పాత ఇల్లు నిలబడి ఉండగానే దాని కొలతలు తీయించి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించి, పన్ను రసీదులతో కలిపి ఒక ఫైలులో పెట్టుకోవాలి.

కూల్చాలా, నిలబెట్టి బాగుచేయాలా అన్న నిర్ణయాన్ని ఆ నిర్ణయంతో లాభపడేవారికి వదిలిపెట్టకూడదు. కాంట్రాక్టరు ఎంత మంచివాడైనా ఇది ఆయన తేల్చవలసిన విషయం కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరు హాఫ్ సెల్ పరీక్షతో ఏ కడ్డీలకు తుప్పు పట్టే అవకాశం ఎక్కువగా ఉందో చూసి, కాంక్రీటు ముక్కలను తీయించి లోపల ఉప్పు ఎంత లోతుకు దిగిందో ప్రయోగశాలలో తెలుసుకోవాలి. పెచ్చులు ఊడిన చోట మాత్రమే కొట్టి కొత్త కాంక్రీటు పూసే పద్ధతి మన తీరంలో విరివిగా కనిపిస్తుంది గాని, ఆ కొత్త పూత చుట్టూ ఉప్పు నిండిన పాత కాంక్రీటును అలాగే ఉంచితే అందులోని కడ్డీ మునుపటి కంటే త్వరగా తుప్పు పట్టవచ్చు. అక్కడా పగుళ్లు వచ్చాక మేస్త్రీని నిందించడం అన్యాయం. ఆయనకు చూపించినంత మేరకు ఆయన పని సరిగానే చేసి ఉంటాడు.

వాస్తు సిద్ధాంతిని కూడా జట్టులో ఒకరిగానే లెక్కించి, స్తంభాల చోట్లు ఖరారు కాకముందే పిలవడం మేలు. స్లాబు పడ్డాక వచ్చి మెట్లు జరపమంటే ఆ ఖర్చు అందరినీ కలచివేస్తుంది. మన తీరంలో సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కులకు ఉండటం వల్ల ఆర్కిటెక్టు కోరే దృశ్యమూ సిద్ధాంతి కోరే తూర్పు ఖాళీ చాలావరకు కలిసివస్తాయి. చిక్కు వచ్చేది నీళ్ల సంపు దగ్గర. ఈశాన్యంలో సంపు అంటే తరచుగా సముద్రానికి దగ్గరి మూల. నేలలోని ఉప్పునీరు బయటి నుంచి నొక్కుతూ ఉంటుంది కాబట్టి, లోపలి వైపుతో పాటు బయటి వైపు కూడా వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. అంటే గుంతను పూడ్చేముందు వాటర్‌ప్రూఫింగువాళ్లకు చోటూ సమయమూ ఇవ్వాలని మట్టి పనివారికి ముందే చెప్పాలి.

ఇక అతుకుల సంగతి. సైటులో ఒక గట్టి అట్ట పుస్తకం పెట్టి, ప్రతి అతుకుకూ ఒక పేజీ కేటాయించి, ఎవరి తరువాత ఎవరు చేస్తారో, ఎవరు చూసి సంతకం పెడతారో రాయించండి. ఒక్క కిటికీనే తీసుకుంటే, ముందు తాపీ మేస్త్రీ గడప, అంటే చట్రం కూర్చునే కింది అంచు, బయటివైపు వాలేట్టు చేయాలి; చట్రం రాకముందే వాటర్‌ప్రూఫింగ్ పూత గడప మీదకూ పక్కలకూ ఎక్కాలి; ఆ పూతకు చిల్లులు పడ్డచోటల్లా చట్రం బిగించేవాళ్లు మళ్లీ మూయాలి; ఆ తరువాతే బయట సీలెంటు. ఆ సీలెంటు సిలికాన్ అయితే దాని మీద రంగు నిలవదు కనుక, పెయింటరు ఎక్కడ ఆగాలో పెన్సిలు గీత గీసి చూపాలి. ఈ వరుసలో ఏ ఇద్దరు ముందువెనుకలైనా కిటికీ కారుతుంది, ఎవరికి వారు తమ తప్పు లేదంటారు.

అందుకే మొదటి కిటికీని ఒక్కదాన్నే పూర్తిగా బిగించి, మిగిలినవాటి జోలికి పోకుండా, హోసుతో అరగంట పాటు నీళ్లు కొట్టించాలి. తుఫాను వాన పైనుంచి కాక అడ్డంగా వచ్చి, గోడకు తగిలి కిందినుంచి పైకి కూడా ఎగబాకుతుంది కాబట్టి, నీటి ధారను కింది అంచు మీదకు కూడా తిప్పాలి. ఆ సమయంలో తాపీ మేస్త్రీ, కిటికీ మనిషి, పెయింటరు ముగ్గురూ లోపలి వైపు నిలబడి చూడాలి. లోపల ఒక మూలన చెమ్మ మెల్లగా ముదురు రంగుకు తిరగడం ముగ్గురూ కలిసి చూశాక వాదన మిగలదు. ఎక్కడ విప్పాలో వాళ్లే చెబుతారు.

మరలు, బోల్టులు చిన్న విషయంగా కనిపిస్తాయి. వడ్రంగి ఒక రకం, రెయిలింగువాళ్లు మరో రకం, ఏసీవాళ్లు తమ సంచిలో ఉన్నది తెచ్చి బిగిస్తే, లక్షల ఖరీదు చేసే అద్దాల రెయిలింగు కింద ఏడాది తిరగకుండానే ఎర్రటి చారలు కారతాయి. బయట వాడేవన్నీ 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలని ఒప్పందాల్లోనే రాసి, వాటిని ఒకే చోట కొని స్టోరు నుంచే ఇవ్వండి. 304 గ్రేడ్ కూడా స్టెయిన్‌లెస్సే గాని సముద్రపు గాలికి అది 316 అంత తట్టుకోదు.

స్లాబు వేసే రోజుకు ముందు సాయంత్రం చేసే తనిఖీ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం తీవ్ర పరిస్థితుల్లో కడ్డీ మీద 45 మిల్లీమీటర్లు, సముద్రపు తుంపర నేరుగా పడేచోట 50 మిల్లీమీటర్లు కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. కాంక్రీటు బలాన్ని తెలిపే గ్రేడు మొదటి సందర్భంలో ఎం30కి, రెండో సందర్భంలో ఎం35కి తగ్గకూడదు. రాడ్ బెండర్లు ఆ మందం నిలిచేట్టు కడ్డీల కింద కవర్ బ్లాకులు సరిగానే పెట్టి వెళతారు. తరువాత ఎలక్ట్రీషియన్ పైపులు దూర్చడానికి కడ్డీల జాలీని ఎత్తి దించుతాడు, ప్లంబరు దాని మీద నడుస్తాడు, నాలుగు బ్లాకులు పక్కకు ఒరిగిపోతాయి. కడ్డీ సెంట్రింగు రేకును తాకుతుంది. కాబట్టి వీళ్లంతా ఇంజనీరుతో కలిసి స్లాబంతా ఒకసారి నడవాలి, ఒరిగిన బ్లాకును అక్కడికక్కడే సరిచేయాలి, ఆ తరువాత ఎవరూ జాలీ ఎక్కకూడదు. మర్నాడు మధ్యాహ్నానికి ఎండ ముదిరి కాంక్రీటు బిగుసుకుపోతుంటే, ‘కాసిని నీళ్లు పొయ్యండి’ అన్న కేక తప్పకుండా వినిపిస్తుంది. దాన్ని ఆపే అధికారం ఎవరిదో ముందురోజే అందరి ఎదుటా ప్రకటించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే స్థలాల్లో కాంక్రీటు కలపడానికీ, తరువాత దాన్ని తడిపి ఉంచే క్యూరింగుకూ రెండింటికీ ట్యాంకరు నీళ్లే తెప్పించి, వాటినీ పరీక్ష చేయించాలి.

క్యాలెండరు కూడా అందరూ కలిసి వేసుకోవలసిందే. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం కనుక అప్పటికి పైకప్పు పని ముగిసి, పెద్ద అద్దాల పని ఇంకా మొదలు కాకుండా ఉంటే మంచిది. విశాఖలో కట్టడాల లెక్కకు మూలంగా తీసుకోవలసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లని, అంటే గంటకు 180 కిలోమీటర్లని, కట్టడాల మీది భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ఇంజనీరు ఇచ్చే ఆ లెక్క అద్దాలు సరఫరా చేసేవారి చేతికి కూడా చేరాలి. హెచ్చరిక వచ్చినప్పుడు రేకులు, పరంజా కర్రలు ఎవరు కట్టేయాలో, ఎవరు దించాలో పేర్లతో సహా గోడ మీద అంటించండి. సంక్రాంతికి పనివారు ఊళ్లకు వెళితే తిరిగి కుదురుకోవడానికి పది పదిహేను రోజులు పడుతుంది కాబట్టి, సగంలో ఆపకూడని పనులేవీ జనవరి మొదటి వారంలో మొదలుపెట్టవద్దు.

యజమాని అమెరికాలో ఉంటే మరో జాగ్రత్త అవసరం. వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి వచ్చిన ఒక్క ఫోటో చూసి మేస్త్రీ పొద్దున్నే గోడ పగలగొట్టిన సందర్భాలు ఉన్నాయి. మార్పు ఏదైనా ఆర్కిటెక్టు డ్రాయింగులో సరిచేసి, తేదీ వేసి, సైటుకు పంపేదాకా అమలు కాదని యజమానే అందరికీ చెప్పాలి. వారానికి ఒకసారి విశాఖలో ఉదయం 7 గంటలకు మాట్లాడుకుంటే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. రెండు వైపులా అనుకూలమైన వేళ. కుటుంబంలో నిర్ణయం చెప్పే గొంతు ఒక్కటే ఉండాలన్న మాట సున్నితంగా అడగవలసినదే, కానీ అడగకుండా వదిలేయదగినది కాదు.

చివరి చెల్లింపుల్లో కొంత భాగాన్ని ఎవరి పనికి వారికి కాక, అతుకు పరీక్ష నెగ్గినందుకు కలిపి ఇచ్చేట్టు మొదట్లోనే ఒప్పుకోండి. తాళాలు అప్పగించే రోజున కిటికీలు బిగించిన మనిషి ఇంటి వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని, మంచినీళ్లతో చట్రాల మీది ఉప్పు కడగడం, చట్రం కింద నీళ్లు బయటికి పోయే రంధ్రాల్లో ఇసుక తీయడం చేసి చూపాలి. అతుకుల పుస్తకమూ, మిగిలిన 316 మరల పెట్టె ఒకటీ ఆ ఇంట్లోనే ఉంచాలి.