ఉప్పుగాలిలో ఏసీ: సిక్కోలు తీరపు ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వేసవి అంతటా ఒకే తీరుగా ఉండదు. మే నెలలో బొబ్బిలి వైపు పడమటి వడగాలి వీచే మధ్యాహ్నం గుమ్మానికి కట్టిన తడి తువ్వాలు చూస్తుండగానే ఆరిపోతుంది. అదే వేళ కళింగపట్నంలోనో బారువలోనో దండెం మీది బట్ట సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. ఇంటిని చల్లబరిచే సాధనాన్ని ఎంచుకునేటప్పుడైనా, ఉన్నదాన్ని బాగుచేసుకునేటప్పుడైనా ముందుగా గమనించవలసింది ఈ తేడానే.

నీరు ఆవిరైనప్పుడు గాలిలోని వేడి తగ్గుతుంది. కూలర్ చేసే పని అంతే. గాలి 40 డిగ్రీల వేడితో, 25 శాతం తేమతో ఉన్నప్పుడు ఈ పద్ధతిలో దాదాపు 24 డిగ్రీల వరకు చల్లబడే అవకాశం ఉంటుంది. గాలి 35 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతానికి చేరితే హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. బొబ్బిలిలో మా బావమరిది ఇంట్లో హాయిగా పనిచేసిన కూలర్‌ను తీరంలోని ఊరికి తెచ్చుకుంటే గదిలో ఉక్కపోత పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. కూలర్ వాడేవారు కిటికీ తెరిచి ఉంచాలి, తొట్టిలోని నీటిని వారానికోసారైనా పూర్తిగా పారబోసి అడుగు తోమాలి, ఉప్పు పేరుకుని గట్టిపడిన ప్యాడ్లను మార్చాలి. ఆ నీరు నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయన్న సంగతి మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఏసీ సంగతి. దానికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం మురికి, తుప్పు, గ్యాస్ కారడం. లోపలి యూనిట్ ముందు మూత తెరిస్తే కనిపించే జాలీ ఫిల్టర్లను, వాడకం ఎక్కువగా ఉండే నెలల్లో రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టాలి. ఫిల్టర్ మూసుకుపోతే గాలి సరిగా ఆడక లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే చల్లని గొట్టాల చుట్ట) మీద మంచు పేరుకుంటుంది, ఏసీ ఆపగానే ఆ మంచు కరిగి గోడ మీదకు కారుతుంది. మన తేమలో ఒక్క రాత్రికే బకెట్ నిండేంత నీరు వస్తుంది కనుక డ్రెయిన్ పైపు మొదటి నుంచి చివరి దాకా కిందికి వాలుగా ఉండాలి, ఎక్కడా వంపు తిరిగి నీరు నిలవకూడదు. పైపులో నాచు పట్టి నీరు వెనక్కి తన్నితే బయటి కొసన గట్టిగా గాలి ఊదించి శుభ్రం చేయించాలి.

బయటి యూనిట్‌కు ఉప్పుగాలి వల్ల కలిగే నష్టం మెల్లగా కనిపిస్తుంది. అల్యూమినియం రేకుల మీద మొదట తెల్లటి పొడి చేరుతుంది, తరువాత వేలితో తాకితే రేకులు పిండిలా రాలిపోతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్నవారు ఎంసీబీని (ఏసీకి కరెంటు ఆపే స్విచ్చిని) ఆపివేసి, నెలకోసారి మంచినీటి పైపుతో, పెద్ద ధార లేకుండా, ఆ రేకులను కడగడం మంచిది. కార్లు కడిగే ప్రెషర్ పంపు వాడితే రేకులు వంగిపోతాయి. పెట్టె విప్పే పనిని మాత్రం మెకానిక్‌కే వదిలేయాలి, ఎందుకంటే కరెంటు ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

గ్యాస్ విషయంలో నా అనుభవం కొంత వివరంగానే చెప్పాలి. మా ఇంటి ఏసీకి వరుసగా మూడు వేసవులు, ప్రతి ఏప్రిల్‌లోనూ, ఒకే దుకాణం నుంచి వచ్చిన మనిషి గ్యాస్ నింపి డబ్బు తీసుకుని వెళ్లేవాడు. నాలుగో ఏడు వచ్చిన మరొక మెకానిక్ గ్యాస్ సీసాను కిందపెట్టి, ముందుగా చిన్న గిన్నెలో సబ్బు నురుగు కలిపి, బయటి యూనిట్ వెనుక రాగి పైపులు కలిసే ఫ్లేర్ నట్ల చుట్టూ కుంచెతో పూశాడు. చిలుము పట్టి పచ్చబడిన ఒక నట్టు దగ్గర గసగసాలంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అతను పైపు కొసను కత్తిరించి, దాన్ని మళ్లీ గరాటులా విప్పార్చి (ఫ్లేర్ చేసి), నట్టు మార్చి, పంపుతో పైపుల్లోని గాలి, చెమ్మ లాగేసి (వాక్యూమ్ చేసి), ఆ తరువాతే గ్యాస్‌ను త్రాసు మీద తూచి నింపాడు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. లీకు వెతకకుండా సీసా బిగించబోయేవారిని అక్కడే ఆపండి. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది కాబట్టి ఆ పని జరిగేటప్పుడు దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలగకూడదు.

వోల్టేజి ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉండే పల్లెల్లో స్టెబిలైజర్‌ను అనవసరపు ఖర్చుగా చూడకండి. టన్నున్నర ఏసీకి సాధారణంగా 4 కేవీఏ సామర్థ్యం గలది పెడతారు; దానితో పాటు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగ్ ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చూశాం కదా, అటువంటి హెచ్చరిక రాగానే ఎంసీబీ దించి, బయటి యూనిట్ స్టాండు బోల్టులు తుప్పు పట్టాయేమో చూసుకోవాలి. తుపాను వెళ్లాక ఉప్పునీటి తుంపరలను మంచినీటితో కడిగి, కరెంటు నిలకడగా వస్తోందని తేలేదాకా ఏసీ వేయకూడదు. యూనిట్ వరద నీట మునిగి ఉంటే మెకానిక్ చూసేదాకా స్విచ్చి ముట్టుకోకండి.

గీజర్ మన దగ్గర రెండు మూడు నెలల పనే అయినా, ఉప్పు బోరు నీళ్లున్న ఇళ్లలో ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీని ఏడాది రెండేళ్లకోసారి చూపించి, కరిగిపోతే మార్పించాలి.

కొత్తది కొనేవారు స్టార్ల సంఖ్యతో పాటు, కాయిల్ రాగిదా కాదా, తుప్పు పట్టకుండా పూత ఉందా అని కూడా అడగాలి. ఎండ నేరుగా పడే డాబా గదికి ముందు పైకప్పుకు తెల్లసున్నం వేయించి చూడండి. కొందరికి పెద్ద ఏసీ అవసరమే తప్పుతుంది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 2020 జనవరి నుంచి 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా నియమం వచ్చింది. ఫ్యాన్ కూడా తిరుగుతుంటే 26 చాలునని నా అభిప్రాయం. పాత రకం ఆర్-22 గ్యాస్ ఏసీ తీసేసి ఆర్-32ది బిగిస్తున్నప్పుడు, గోడలో పైపులు ఉన్నాయి కదా అని వాటికే కలపడానికి కొందరు చూస్తారు. వాటిలో మిగిలిన పాత నూనె కొత్త కంప్రెసర్ నూనెతో పొసగదు, కొత్త గ్యాస్ ఒత్తిడి కూడా ఎక్కువ. కాబట్టి పైపులు కూడా మార్చమని ధర మాట్లాడేటప్పుడే చెప్పాలి.